రాత్రిపూట కింది గేటు ఫోన్‌తో తీయాలి: కర్నూల్లో చిన్న అపార్ట్‌మెంట్‌కి ఏది పనికొస్తుంది?

బెంగళూరు_కర్నూలు

అందరికీ నమస్కారం. అమ్మా నాన్నా కర్నూల్లో సీ-క్యాంపు దగ్గర ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మొత్తం పదిహేను ఫ్లాట్లు. పగలు వాచ్‌మన్ ఉంటాడు. రాత్రి పది దాటితే మెట్ల దగ్గరున్న గ్రిల్ గేటుకు తాళం వేసి ఆయన ఇంటికి వెళ్లిపోతాడు. ప్రతి ఫ్లాటు దగ్గరా ఆ తాళంచెవి ఉంది.

ఆ తర్వాత ఎవరొచ్చినా నాన్న కిందికి దిగి తీయాల్సిందే. లిఫ్టు ఉంది గానీ ఆయనకు మోకాళ్ల నొప్పులు. గేటు అవతల చీకట్లో ఎవరున్నారో సరిగా కనబడదు కూడా. శివరాత్రికి శ్రీశైలం పోయే బంధువులు ఏ అర్ధరాత్రో దిగుతారు. ఒక్కోసారి ఇంజెక్షన్ ఇవ్వడానికి నర్సు వస్తుంది. ఆ టైమ్‌లో నాన్న మెట్ల దగ్గర ఒక్కడే ఉన్నాడంటే ఇక్కడ నాకు టెన్షన్.

ఇంట్లో కూర్చుని ఫోన్‌తోనే ఆ గేటు తీసే పద్ధతి కావాలి. వాళ్లు ఫోన్ ఎత్తకపోతే నేను బెంగళూరు నుంచి తీయగలిగితే ఇంకా మంచిది. బిల్డింగ్ మొత్తానికంటూ ఇంటర్నెట్ కనెక్షన్ లేదు. కరెంటు పోతే పరిస్థితి ఏమిటో కూడా చెప్పండి. అసోసియేషన్ మీటింగులో నేనే మాట్లాడాలి, అందుకని అడుగుతున్నాను.

రామ్‌నగర్_సెక్రటరీ (అనంతపురం)

మాది పెద్ద అపార్ట్‌మెంట్, ఇరవై నాలుగు గంటలూ గార్డులు ఉంటారు. మేం విజిటర్ యాప్ పెట్టుకున్నాం. మైగేట్, నోబ్రోకర్‌హుడ్ లాంటివి మీరు బెంగళూరులో చూసే ఉంటారు. వచ్చినవాళ్ల పేరు, ఫ్లాటు నంబరు గార్డు తన ఫోన్లో కొడతాడు, మనకు మోగుతుంది, సరే అంటే లోపలికి పంపిస్తాడు. చుట్టాలు వస్తారని ముందే తెలిస్తే ఒక కోడ్ పంపి ఉంచొచ్చు. మాకు చాలా బాగా నడుస్తోంది.

కానీ మీకు అది వద్దని చెబుతాను. ఆ యాప్ తలుపు తీయదు. తీసేది గార్డే. రాత్రి గేటు దగ్గర మనిషే లేని బిల్డింగ్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

లాక్_వైరింగ్_కర్నూలు

తమ్ముడూ, నేను కర్నూల్లో సీసీ కెమెరాలు, డోర్ లాకులు బిగించే పని చేస్తాను. ముందు తాళం సంగతి తేల్చుకోండి, ఫోన్ సంగతి తర్వాత. అందరూ ఫోన్ నుంచి మొదలుపెడతారు, చివరికి ఇబ్బంది పెట్టేది తాళమే.

మన దగ్గర ఎక్కువగా బిగించేవి రెండు రకాలు. ఒకటి ఈఎం లాక్, అంటే విద్యుదయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపూ తలుపును పట్టుకుని ఉంటుంది, కరెంటు తీస్తే వదిలేస్తుంది. 600 పౌండ్ల రకం అంటారు, అంటే సుమారు 270 కిలోల బలం. దీనికి 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్ దాకా రాత్రీ పగలూ పోతూనే ఉండాలి. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే గేటు బార్లా తెరుచుకుంటుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే ఒక ఆంపియర్ చొప్పున ఏడు గంటలు ఇచ్చేది, పెడితే కాగితం మీద 14 గంటలు రావాలి. మన ఎండలకు, అదీ సెల్లార్‌లో మీటర్ల పక్కన రేకు డబ్బాలో పెట్టిన బ్యాటరీకి, ఏడాదిన్నర తిరిగేసరికి అందులో సగం కూడా నమ్మలేం. పైగా ఈఎం లాక్ సరిగా పట్టాలంటే తలుపు ఎప్పుడూ ఒకే చోటికి వచ్చి ఆనాలి. పాత గ్రిల్ గేట్లు అలా ఆనవు. కీళ్లు అరిగి కిందికి జారి ఉంటాయి.

రెండోది ఎలక్ట్రిక్ రిమ్ లాక్. ఇది మామూలు తాళంలాగే గడియ వేసుకుని ఉంటుంది. తీయాల్సిన క్షణంలో మాత్రమే కరెంటు తీసుకుని గడియ వదులుతుంది. కరెంటు పోయినా తాళం పడే ఉంటుంది. బయటినుంచి తాళంచెవితోనూ తీయొచ్చు, లోపలినుంచి చేత్తో తీయడానికి నాబ్ ఉంటుంది. మీ గేటుకు ఇదే సరైనది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. గ్రిల్ గేటు కాబట్టి బయటివాళ్లు సందులోంచి చెయ్యి పెట్టి నాబ్ తిప్పేస్తారు. తాళం చుట్టూ రెండడుగుల మేర ఇనుప రేకు వెల్డింగ్ చేయించండి. ఇది చేయకుండా బిగించిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు.

గేటు తనంతట తాను మూసుకోవడానికి డోర్ క్లోజర్ కూడా పెట్టించండి. అది లేకపోతే నర్సు వెళ్లిపోయాక గేటు తెల్లారేదాకా తెరిచే ఉంటుంది.

బెంగళూరు_కర్నూలు

చాలా థ్యాంక్స్ అన్నా. రేకు సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఫోన్ ఎలా కలపాలో చెప్పండి. మిస్డ్ కాల్ ఇస్తే గేటు తెరుచుకునే పెట్టె ఒకటుంటుందని మా ఆఫీసులో ఒకరు చెప్పారు.

రిటైర్డ్_టెలికాం_కడప

బాబూ, 2000 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ ఏర్పడకముందే, డిపార్ట్‌మెంటుగా ఉన్నప్పుడే చేరినవాణ్ణి. ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పగలను.

మిస్డ్ కాల్ పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. ముందుగా ఎక్కించిన నంబర్ల నుంచి కాల్ వస్తే అది ఎత్తకుండా కట్ చేసి గేటు తీస్తుంది. కాల్ కలవదు కాబట్టి ఖర్చు లేదు. కార్లు పోయే పెద్ద గేట్లకు, బయటికి వెళ్లొచ్చే ఇంటివాళ్లకు అది బాగుంటుంది. వచ్చిన అతిథి కోసమైతే నాకు నచ్చదు. గేటు దగ్గర ఎవరున్నారో ఆ పెట్టె మీకు చెప్పదు. వచ్చినవాళ్లు విడిగా మీకు ఫోన్ చేయాలి, మీరు నమ్మి పెట్టెకు కాల్ చేయాలి. పైగా కాల్ చేసిన నంబరును చూసి మాత్రమే నమ్మే యంత్రం అది. వేరేవాళ్ల నంబరు కనబడేలా దొంగ కాల్ చేయడం అసాధ్యమేమీ కాదు.

మీకు కావాల్సింది రెండో రకం. గేటు దగ్గర బటన్లున్న ప్యానెల్ ఉంటుంది. వచ్చినవాళ్లు ఫ్లాటు నంబరు నొక్కితే ప్యానెల్ మీ నాన్నగారి ఫోన్‌కి మామూలు కాల్ చేస్తుంది. ఆయన ఎత్తి మాట్లాడతారు, గొంతు గుర్తుపడతారు, తన ఫోన్లో 9 నొక్కితే గేటు తెరుచుకుంటుంది. వద్దనుకుంటే పెట్టేస్తారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. బటన్ల ఫోన్ ఉన్న పెద్దవాళ్లు కూడా వాడగలరు.

ఆ 9 లోపల ఏం జరుగుతుందంటే, ప్రతి అంకెకూ రెండు స్వరాలు కలిసి మోగుతాయి. 9కి 852, 1477 హెర్ట్జ్. ప్యానెల్ ఆ జంటను గుర్తుపట్టి రిలేను, అంటే తాళానికి కరెంటు పంపే స్విచ్‌ను, కదిలిస్తుంది. 1963లో అమెరికాలో టెలిఫోన్లకు మొదలైన పద్ధతి, ఇవాళ్టికీ బ్యాంకు కస్టమర్ కేర్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనేది దాంతోనే నడుస్తోంది. మరీ చటుక్కున నొక్కి వదిలితే ఒక్కోసారి అందదు. ఒక క్షణం నొక్కి పట్టుకోమని నాన్నగారికి చెప్పండి.

సిమ్ కొనేముందు ప్యానెల్ ఏ తరం నెట్‌వర్క్ మీద పనిచేస్తుందో అడగండి. చవకగా దొరికే వాటిలో చాలావరకు 2జీ మాత్రమే పట్టేవి. 2016లో జియో వచ్చిందే 4జీతో, దానికి 2జీ లేనే లేదు. ఆ పెట్టెలో జియో సిమ్ వేస్తే పలకదు. 4జీలో వాయిస్ కాల్ చేయగల ప్యానెల్ తీసుకుంటే ముందు ముందు కూడా ఇబ్బంది ఉండదు.

నాలుగో_అంతస్తు_టీచర్

నేను కర్నూల్లోనే వెంకటరమణ కాలనీ వైపు ఉంటాను. ఇద్దరు ఆడపిల్లలతో ఉంటున్న మనిషిగా నా భయం చెప్పాలి.

మా బిల్డింగ్‌లో నంబర్లు నొక్కి తెరిచే తాళం పెట్టారు. అందరికీ ఒకటే కోడ్. మొదట్లో ఇంటివాళ్లకే తెలుసు. తర్వాత పనమ్మాయికి చెప్పారు, పాలవాడికి చెప్పారు, ట్యూషన్ పిల్లలకు చెప్పారు, పార్సిల్ తెచ్చే అబ్బాయిలకు ఫోన్లోనే చదివి వినిపించారు. ఇప్పుడు వీధి వీధంతటికీ తెలుసు. ఫోన్‌తో తీసే గేటు కూడా అలాగే తయారవుతుంది. ఆఫీసులో పనిలో ఉంటాం, ఫోన్ మోగుతుంది, పార్సిల్ అంటాడు, విసుగ్గా 9 నొక్కేస్తాం. ఆ ఒక్క నొక్కుతో అతను పదిహేను ఇళ్ల గుమ్మాల దాకా రావచ్చు. మన ఇంటి తలుపైతే మనిష్టం. ఇది అందరి తలుపు.

అందుకని పగలంతా ఈ ఏర్పాటు ఆపేసి, వాచ్‌మన్ లేని రాత్రివేళకే పెట్టుకోమంటాను. పార్సిళ్లకు ఎట్టి పరిస్థితిలోనూ గేటు తీయకూడదని మీటింగులో రాసుకోండి. కింద ఒక చెక్క బీరువా పెడితే అందులో పెట్టి పోతారు.

రిటైర్డ్_టెలికాం_కడప

అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చాలా ప్యానెళ్లలో వేళలు పెట్టుకునే వీలుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మాత్రమే కాల్ వెళ్లేలా చేయొచ్చు. అందరికీ ఒకటే కోడ్ పెట్టే సౌకర్యం ఉంటే దాన్ని మొత్తంగా ఆపించేయండి.

కువైట్_కడప

నేను కువైట్లో ఉంటాను, అమ్మ కడపలో ఎర్రముక్కపల్లి దగ్గర ఒంటరిగా ఉంటుంది. చెవులు సరిగా వినబడవు. దూరం నుంచి తలుపు తీయడం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

మాది కెమెరా ఉన్న వీడియో డోర్ ఫోన్, ఇంటర్నెట్ మీద పనిచేసేది. అమ్మ వైఫైకే కలిపాం. బెల్ కొడితే ముందు అమ్మ గదిలో స్క్రీన్ మీద మోగుతుంది, అమ్మ ఎత్తకపోతే నా ఫోన్ మోగుతుంది. మనిషి ముఖం కనబడుతుంది, మాట్లాడతాను. కడపలో రాత్రి పది అంటే ఇక్కడ ఏడున్నర, కాబట్టి మెలకువగానే ఉంటాను. ఉగాదికి, పెద్ద దర్గా ఉరుసుకు ఇల్లంతా చుట్టాలు. అప్పుడు ఇది ఎంతో ఉపయోగపడింది.

ఇది వాడుతూ నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. అమ్మకు చెప్పకుండా తలుపు తీయను. ముఖం తెలిసినవాడైనా సరే. వచ్చినవాణ్ణి రెండు నిమిషాలు ఆగమంటాను, అమ్మకు ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే పక్కింటి అక్కకు చేసి అమ్మ దగ్గరికి వెళ్లమంటాను, ఆ తర్వాతే తీస్తాను. ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దావిడకు తెలియకుండా మనిషి గుమ్మంలో నిలబడితే ఆమె గుండె ఏమవుతుందో ఆలోచించండి. వేల కిలోమీటర్ల దూరంలో కూర్చున్న నేను తలుపు తీయగలను గానీ, లోపలికి వచ్చినవాడు తప్పు చేస్తే ఆపలేను. దూరంగా ఉన్నవాళ్లం బటన్ చేతిలో ఉంది కదా అని ఇంటి పెత్తనం తీసుకోకూడదు అన్నా.

ఇంకో సంగతి. సిమ్ ప్యానెల్ అయితే విదేశీ నంబరుకు కాల్ చేయించడం వద్దు. ఐఎస్‌డీ ఛార్జీలు పడతాయి, ఒక్కోసారి అసలు కలవదు. మీరు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. ప్యానెల్‌లో ఫ్లాటుకు రెండు నంబర్లు పెట్టుకునే వీలుందేమో చూడండి. మొదటిది నాన్నగారిది, రెండోది మీది.

బెంగళూరు_కర్నూలు

అన్నా, మీ మాట మనసుకు పట్టింది. నా నంబరు రెండోదిగానే పెడతాను. నాన్న ఎత్తనప్పుడు నేను మాట్లాడి, ఇంటికి ల్యాండ్‌లైన్ కొట్టి చెప్పాకే తీస్తాను.

ఫైర్_సేఫ్టీ_చూస్తా

ఈ గేటు మీ మెట్లదారికి ఉంది. మీ బిల్డింగ్‌కి వేరే మెట్లు లేకపోతే, మంటలు వస్తే పదిహేను కుటుంబాలూ బయటపడాల్సింది దాంట్లోంచే. బయటికి వెళ్లే తలుపును లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండానే తీయగలగాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చెబుతోంది. ఇప్పుడు రాత్రిళ్లు మీరు వేస్తున్న కప్ప తాళమే అసలు ప్రమాదం. పొగలో, చీకట్లో తాళంచెవి వెతుక్కునే టైమ్ ఎవరికీ ఉండదు. ఫోన్ ఏర్పాటు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఆ కప్ప తాళాన్ని మాత్రం వెంటనే తీసేయండి. పైన చెప్పిన రిమ్ లాక్ లోపలి నాబ్ చేత్తో తిరగాలి, పిల్లలకు కూడా అందాలి. రేకు వెల్డింగ్ చేసేటప్పుడు లోపలివైపు నాబ్‌కి అడ్డం రాకుండా చూసుకోండి. ఎవరైనా ఈఎం లాకే కావాలని పట్టుబడితే లోపల గోడకు ఎమర్జెన్సీ బటన్ ఉండాలి, అది నేరుగా లాక్‌కి వెళ్లే కరెంటునే కట్ చేయాలి. ప్యానెల్ ద్వారా వెళ్లేలా కలపకూడదు, ఎందుకంటే ప్యానెల్ పాడైన రోజు ఆ బటన్ కూడా పనిచేయదు.

లాక్_వైరింగ్_కర్నూలు

ఫైర్ సార్ చెప్పింది మీటింగులో అందరికీ చదివి వినిపించండి తమ్ముడూ.

వైరింగ్ గురించి మూడు ముక్కలు. గేటును కదిలించే రిలే బయటి ప్యానెల్‌లో ఉంటే, దొంగ నాలుగు స్క్రూలు ఊడదీసి రెండు వైర్లు కలిపితే గేటు తెరుచుకుంటుంది. రిలే లోపలివైపు విడి డబ్బాలో ఉండేలా అడగండి. బయట ఉండేది బటన్లు, మైకు, స్పీకరు మాత్రమే కావాలి.

తర్వాత వైరు మందం. సెల్లార్‌లో పవర్ సప్లై పెట్టి 30 మీటర్ల అవతల గేటు దాకా సన్నటి టెలిఫోన్ వైరు లాగుతారు. అర ఆంపియర్ పోయినా రానూ పోనూ కలిపి రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి. 12 అనుకున్నది గేటు దగ్గర తొమ్మిదిన్నర. రిమ్ లాక్ తెరుచుకునే క్షణంలో అంతకంటే ఎక్కువే లాగుతుంది, అందుకని ఒక్కోసారి టక్కుమని శబ్దం వస్తుంది గానీ గడియ వదలదు. పవర్ సప్లై గేటుకు దగ్గర్లో పెట్టాలి, లేదా 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడాలి. లాక్ కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న ముక్క) కూడా వేయించండి. రూపాయల్లో అయిపోతుంది, రిలే కాలిపోకుండా కాపాడుతుంది.

ప్యానెల్ పడమర ఎండకు ఎదురుగా పెట్టకండి. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే, రేకు డబ్బా లోపల ఇంకా ఎక్కువ. బిగించినవాడు వెళ్లేముందు ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్పించి, కొత్తది సెక్రటరీ చేతికివ్వాలి. 1234తో వదిలేసిన ప్యానెళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి.

రామ్‌నగర్_సెక్రటరీ (అనంతపురం)

అసోసియేషన్ నడిపేవాడిగా నాకు తోచిన మాట. సిమ్ సెక్రటరీ సొంత పేరు మీద తీసుకుంటే, ఆయన ఇల్లు ఖాళీ చేసిన రోజు రీచార్జ్ ఎవరు చేస్తారో తెలియదు. రీచార్జ్ అయిపోతే ప్యానెల్ ఎవరికీ కాల్ చేయలేదు. మీ అసోసియేషన్ రిజిస్టర్ అయి ఉంటే దాని పేరునే సిమ్ తీసుకోండి. డేటా అక్కర్లేదు కాబట్టి వాయిస్, ఎస్ఎంఎస్ ప్యాక్ చాలు. అలాంటి ప్యాక్ ఒకటైనా విడిగా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది, గడువు 365 రోజుల దాకా పెట్టుకోవచ్చని కూడా అంది. ఏడాదికి ఒక్కసారి వేయించి, ఆ తేదీ నోటీసు బోర్డు మీద రాయండి.

ప్రతి ఇంట్లోనూ ప్యానెల్ నంబరును 'కింది గేటు' అని సేవ్ చేయించండి. తెలియని నంబర్లు మోగకుండా ఆపేసే సెట్టింగ్ చాలా ఫోన్లలో ఉంటుంది. సేవ్ చేయకపోతే కాల్ వచ్చినట్టు కూడా తెలియదు.

నాలుగో_అంతస్తు_టీచర్

ఇంకొకటి. కొందరు దీనితో పాటు వచ్చినవాళ్ల ఫోన్ నంబరు, ఆధార్ ఫోటో తీసుకోమంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. మా దగ్గర స్టూలు మీద పడి ఉండే రిజిస్టరులో మా ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషి నంబరూ ఉంటుంది, ఎవరైనా పేజీ తిప్పి రాసుకోవచ్చు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. అవసరం లేని సమాచారం తీసుకోకపోవడమే అన్నిటికన్నా క్షేమం.

ఎన్జీవో_కాలనీ_కడప

కెమెరా ఒకటి పెట్టి, బెల్ పెట్టి ఊరుకుంటే సరిపోదా? ఇంత ఖర్చు దేనికి?

బెంగళూరు_కర్నూలు

కెమెరాతో ఎవరొచ్చారో కనబడుతుంది గానీ నాన్న కిందికి దిగడం తప్పదు సార్. నాకు తప్పించాల్సింది అదే.

బెంగళూరు_కర్నూలు

ఆదివారం మీటింగ్ అయింది. మీరందరూ రాసినవి ప్రింట్ తీసి పట్టుకెళ్లాను. కప్ప తాళం గురించి ఫైర్ సార్ మాట చదివేసరికి ఎవరూ ఎదురు చెప్పలేదు, దాన్ని ఆ రోజే తీసేసి లోపలి గడియ మాత్రం ఉంచారు. రిమ్ లాక్, సిమ్ ప్యానెల్, రాత్రి పది నుంచి ఆరు దాకా మాత్రమే, ఒక్కో ఫ్లాటుకు రెండు నంబర్లు, అందరికీ ఒకే కోడ్ లేదు. పార్సిళ్లకు గేటు తీయకూడదని మినిట్స్‌లో రాశారు. గేటు దగ్గర చీకటి కాబట్టి మనిషి వస్తే వెలిగే లైటు కూడా పెడుతున్నారు, అది అమ్మ అడిగింది. మొదటి అంతస్తులో ఒక పెద్దాయన మాత్రం డబ్బు కట్టనన్నారు. ఆయన దగ్గర ఫోన్ లేదు. ఆయన ఫ్లాటు బటన్ నొక్కితే ఏం చేయాలి?

రిటైర్డ్_టెలికాం_కడప

ఆయన అనుమతి తీసుకుని ఎదురింటివాళ్ల నంబరు పెట్టండి. వాళ్లు ఆయన్ను అడిగి వచ్చి తీస్తారు. అదీ వద్దంటే ఆయన చుట్టాలకు పాత పద్ధతిలోనే తాళంచెవి ఒకటి ఇవ్వండి, రిమ్ లాక్‌కి ఎలాగూ తాళంచెవి ఉంటుంది. డబ్బు కట్టలేదని మాత్రం ఆయన ఇంటికొచ్చినవాళ్లను బయట నిలబెట్టకండి బాబూ.

లాక్_వైరింగ్_కర్నూలు

ఎవరి దగ్గర చేయించినా సరే, కొనేముందు గేటు ఫోటోలు రెండు తీయించండి, మూసి ఒకటి, తెరిచి ఒకటి. గేటు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అనేదాన్ని బట్టి రిమ్ లాక్ ఎడమదా కుడిదా తేలుతుంది. అది తప్పు తెస్తే షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. గేటు కీళ్లు జారి ఉంటే ముందు వెల్డింగ్ పని చేయించండి, ఆ తర్వాతే లాక్ బిగించమనండి.